మాస్టారు చుక్క పెట్టిన రెగ్యులేటర్లు

"చుక్క ఉందిగా అక్కా! విప్పకూడదు," అంటూ బ్యాంకాయన బల్లకి అడ్డం వచ్చి నిలబడ్డాడు, తల్లికోడి రెక్కలు చాచినట్టు.

చుక్క ఉన్న మాట నిజమే. రెగ్యులేటర్ తల మీద, మర బిగిసే చోట, కందిగింజంత ఎర్ర రంగు. ఆ చుక్కని చూసే పళ్ళ డాక్టరమ్మకి ఒళ్ళు మండిపోతోంది. చేతిలో స్పానర్ ఉంది. ఎదురుగా తన మొగుడితో కలిపి ముగ్గురు మగవాళ్ళు. ముగ్గురూ చదువుకున్నవాళ్ళే. ముగ్గురి మొహాల్లోనూ ఒకటే భయం, ఈవిడ ఏదో అపచారం చేయబోతోందని.

ఆ రేకుల షెడ్డు పాత రాతి క్వారీ గట్టున ఉంది. రాయి తవ్వడం ఆగిపోయి, పంపులు ఆగిపోయి, ఏళ్ళ తరబడి ఊటనీరు నిండి ఆ గొయ్యి లోతైన మడుగైంది. పైన వేసవి ఎండ కాస్తున్నా అడుగున నీళ్ళు ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంటాయి. మాస్టారు ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే ఇక్కడ డైవింగ్ నేర్పడం మొదలుపెట్టారు. ఒక మూల గాలి నింపే కంప్రెసర్, గోడవారగా సిలిండర్లు, కొక్కేలకి వేలాడే రబ్బరు సూట్లు, పైన గడగడమనే ఫ్యాను. వారమంతా ఎవరి పని వాళ్ళు చేసుకుని సెలవురోజు వచ్చేసరికి అందరూ ఇక్కడ చేరతారు. బ్యాంకులో పనిచేసేవాడు బ్యాంకాయన. సిలిండర్ ఎత్తి పెట్టాలంటే వంగడమే పెద్ద పనైనవాడు పొడుగు. డాక్టరమ్మ భర్త సర్వేయరు. మాస్టారు ఆవిడకి కన్నతండ్రి. అయినా షెడ్డులో అడుగు పెడితే ఆవిడ కూడా ఆయన్ని మాస్టారూ అనే పిలవాలి. అది ఆయన పెట్టిన పద్ధతి.

ఇప్పుడొచ్చిన పని మామూలుది కాదు. నీళ్ళ ఆఫీసు వాళ్ళు క్వారీ నీళ్ళు వాడుకోవాలనుకుంటున్నారు. అడుగున మునిగిపోయిన పంపు గది తలుపు తెరిచి ఉందో మూసి ఉందో చూసి చెప్పమన్నారు. డెబ్భై మీటర్ల లోతు. పది మీటర్ల దగ్గర ఏదైనా తేడా వస్తే పైకి వచ్చేయొచ్చు. అంత లోతుకి దిగినవాళ్ళు అలా రాలేరు. ఒంట్లో ఇంకిన వాయువు నెమ్మదిగా బయటికి పోయేదాకా మధ్యమధ్యలో ఆగుతూ, ఆగుతూ రావాలి. తొందరపడితే ప్రాణం మీదికి వస్తుంది. అంటే, కింద గాలికి ఇబ్బంది వస్తే కిందే తేల్చుకోవాలి. దిగేది భార్యాభర్తలిద్దరూ. ఏ రెగ్యులేటర్లతో దిగాలన్నదే ఇవాళ్టి తగువు.

సిలిండర్‌లో గాలి రాయిలా గట్టిగా కూరి ఉంటుంది. దాన్ని మనిషి పీల్చుకునేంత మెత్తగా చేసి నోటికి అందించేది రెగ్యులేటర్. సిలిండర్ మెడకి బిగించేదాన్ని వీళ్ళు తల అంటారు. గొట్టం చివర నోట్లో పెట్టుకునేదాన్ని మూతి అంటారు. బల్లకి ఎడమవైపు మాస్టారి పాతవి నాలుగు. కుడివైపు డాక్టరమ్మ పరీక్షకని తెప్పించిన కొత్తవి నాలుగు.

"చుక్క సంగతి తర్వాత. ముందు వినండి," అంది ఆవిడ స్పానర్ బల్ల మీద పెట్టి. "ఈ పాతవి నాలుగూ మూడు కంపెనీలవి. ఒకదాని విడిభాగం ఇంకోదానికి పట్టదు. వీటిలో స్ప్రింగు చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. అడుగున చలికి, లోపల విచ్చుకునే గాలి చల్లదనం కూడా తోడై ఆ నీళ్ళు గడ్డకట్టాయనుకో, తల మూసుకోదు. గాలి బుసబుసా పోతూనే ఉంటుంది. కొత్తవాటికి అక్కడ మూత ఉంది, నీళ్ళు లోపలికి రావు. నాలుగూ ఒకే రకం. ఒక్కొక్కరికీ వీపు మీది రెండు సిలిండర్లకి కుడిదొకటి, ఎడమదొకటి, దేనికి దానికి విడిగా తల. ఒకటి మొరాయించినా రెండోది ఉంటుంది."

పొడుగు ఒక పాతదాని మూతి నోట్లో పెట్టుకుని పీల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! ఎంత హాయిగా వస్తోందో అక్కా గాలి. పిలవకుండానే పరిగెత్తుకొస్తోంది. మీ కొత్తది కాస్త బిగువుగా ఉంది."

"గదిలో కుర్చీలో కూర్చుని ఎవడైనా హాయిగానే పీలుస్తాడురా. పిలవకుండా వచ్చేదే కింద కొంప ముంచేది."

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ," అన్నాడు బ్యాంకాయన, రుణం ఇవ్వనని చెప్పేటప్పటి మెత్తటి గొంతుతో, "కొత్తవాటికి చుక్క లేదు కదా!"

డాక్టరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన ఒక పాత రెగ్యులేటర్‌ని చేతుల్లోకి తీసుకుని బొటనవేలితో చుక్క మీది దుమ్ము తుడుస్తున్నాడు. పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు.

"ఇవే తీసుకుందాం," అన్నాడు.

ఈ చుక్క వెనక ఒక కథ ఉంది. ఒకప్పుడు కొత్తగా చేరిన కుర్రాడొకడు, గాలి ఇంకా సులువుగా రావాలని, మాస్టారు సరిచేసి పెట్టిన రెగ్యులేటర్‌ని తనకి తోచినట్టు తిప్పాడు. నీళ్ళలోకి దిగాక అది ఆగకుండా గాలి కక్కింది. లోతు తక్కువ కాబట్టి బతికి బయటపడ్డాడు. ఆ రోజు నుంచి మాస్టారు తాను చూసి బిగించిన ప్రతి తల మీదా ఎర్ర రంగు చుక్క పెట్టడం మొదలుపెట్టారు. చుక్క చెదిరితే ఎవరో ముట్టుకున్నట్టు లెక్క. అంతే దాని అర్థం. తెలివైన పనే. కానీ మనుషుల సంగతి తెలిసిందే కదా. ఏళ్ళు గడిచేకొద్దీ అర్థం అరిగిపోయి చుక్క మిగిలింది. చుక్క ఉన్నది మంచిది, చుక్క ఉన్నదాన్ని విప్పడం మాస్టార్ని అవమానించడం. ఏటా విప్పి లోపలి ముక్కలు మార్చాలని నేర్పినదీ ఆ మాస్టారే. ఆ పాఠం ఎవరికీ గుర్తు లేదు.

దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్ళు కూడా దీపం కొండెక్కిందో లేదో ఒకసారి చూసుకుంటారు. చూసుకోవడం దేవుడికి అవమానమని ఎవరూ అనుకోరు. మరి మనిషి దగ్గరికి వచ్చేసరికి ఇదెక్కడి భక్తి?

ఇంటికి వెళ్ళాక వంటింట్లో రెండో విడత మొదలైంది. సర్వేయరు కూర తరుగుతున్నాడు. ఆవిడ గిన్నెలు కడుగుతోంది. గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడు చేస్తున్నాయి.

"పగలగొట్టకు," అన్నాడాయన.

"మీ మాస్టారు చుక్క పెట్టలేదుగా వీటికి. పగిలితే పగులుతాయి."

"ఆయన మీ నాన్న. నాకంటే నీకే ఎక్కువ ఉండాలి."

"ఏం ఉండాలి? చెప్పండి, ఏం ఉండాలి?"

"నమ్మకం."

ఆవిడ కుళాయి కట్టేసింది. "నీళ్ళలో నా గాలి అయిపోతే ఏం చేస్తాను నేను?"

"నా దగ్గరికి వస్తావు."

"మీరేం చేస్తారు?"

"నా నోట్లోది తీసి నీకిస్తాను. అందుకేగా దానికి పొడుగు గొట్టం పెట్టింది."

"మరి? మీ నోట్లో ఉన్నది నా ఊపిరి కూడా కదండీ. దాన్ని ఎంచుకునేటప్పుడు నన్నొక మాట అడగాల్సిన పని లేదా? మీరేమో గురుదక్షిణలో నన్ను కూడా కలిపేశారు."

సర్వేయరు కత్తి పక్కన పెట్టాడు. మంచివాడే. గట్టిగా అరిచే మనిషి కాదు, చెడ్డమాట అనడు. కానీ తండ్రి లేకుండా పెరిగినవాడు. మాస్టారు భుజం తట్టి, నీళ్ళలో చెయ్యి పట్టుకుని నడిపించి, చివరికి పిల్లనిచ్చి ఇంటివాణ్ణి చేశారు. "ఆయన చేత్తో బిగించింది నేను విప్పలేను. ఆ మాట ఆయన మొహం మీద ఎలా అనను?" అన్నాడు.

"ఆయన మొహం మీద అనలేరు. నా మొహం మీద మాత్రం చస్తే చద్దాం పద అనగలరు."

ఆయన మళ్ళీ కత్తి అందుకున్నాడు. వంకాయలు ఆ రోజు మరీ సన్నగా తెగాయి.

రెండు రోజుల తర్వాత ఆవిడ క్లినిక్‌కి తల్లి వచ్చింది. పేషెంట్ల మధ్యన కూర్చుని, వంతు రాగానే వెళ్ళి కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏ పన్నమ్మా?"

"ఏ పన్నూ కాదు. అల్లుడుగారు ఫోన్ చేశారు. నువ్వేదో మీ నాన్నని పరీక్ష పెడతానంటున్నావట."

డాక్టరమ్మ చేతిలోని అద్దం పళ్ళెంలో పెట్టింది. నోరు లేనివాడనుకుంది గానీ ఫోన్ చేయడానికి బాగానే ఉందే నోరు!

"ఆయన్ని కాదు. రెగ్యులేటర్‌ని."

తల్లి కాసేపు పైన వెలుగుతున్న దీపం వంకే చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "చొక్కా గుండీలు నేనే పెడుతున్నానే. పేపరు పట్టుకుని కూర్చుంటారు, పేజీ తిప్పరు. మొన్న గ్లాసు ఇటుంటే చెయ్యి అటు పెట్టారు. కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామంటే వినరు. నీకు తెలియదని కాదు, తెలుసు. చెప్పకు తల్లీ. ఆ షెడ్డు లేకపోతే ఆయన తట్టుకోలేరు."

"ఆ కళ్ళతోనే వాటిని బిగించారు కదమ్మా. వాటితోనే నేను దిగాలి, నీ అల్లుడు దిగాలి."

"దేవుడున్నాడు. ఆయన చేతి మీదుగా ఎవరికీ చెడు జరగదు."

"దేవుడున్నాడమ్మా. కాదనను. పొద్దున్నే నేనూ దణ్ణం పెట్టుకునే వస్తాను. కానీ ఆయన మనకి కళ్ళు కూడా ఇచ్చాడు కదా. మనం మూసుకుని కూర్చుంటే ఆయన మాత్రం ఎన్ని చోట్లకని పరిగెడతాడు?"

తల్లి లేచి చీర సర్దుకుంది. "నీది మీ నాన్న నోరే," అంది. మెచ్చుకుందో తిట్టిందో తెలియలేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "పోనీ నలుగురిలో వద్దే."

నలుగురిలో కాకుండా చెప్పడానికే ఆవిడ ఆ సాయంత్రం తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నారు. విషయం ఎత్తగానే నవ్వేశారు. "మీ ఆయన చెప్పాడులే. నా చెయ్యి మీద నీకు గురి లేదన్నమాట! సెలవురోజు రా, అందరి ముందూ పరీక్షించు. తప్పని తేలితే ఒప్పుకుంటా. నాకేం భయం?" అన్నారు. ఇంకో మాట వినలేదు. నలుగురిలో పెట్టింది ఆయనే.

సెలవురోజు షెడ్డులో అందరూ పెళ్ళిచూపులకి వచ్చినట్టు బుద్ధిగా కూర్చున్నారు. మాస్టారు తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. డాక్టరమ్మ ఎవరూ అనకముందే అనేసింది. "విప్పను. చుక్క చెదరనివ్వను. గేజ్ ఒక్కటి తగిలిస్తాను."

అది చిన్న గడియారమంత గేజ్. తలలోంచి వచ్చే గాలి ఎంత ఒత్తిడితో వస్తోందో చూపిస్తుంది. ముల్లు పది దాకా వచ్చి ఆగాలి. ఆగి, అక్కడే కదలకుండా ఉండాలి. లోపలి ముక్క అరిగిపోతే తల సరిగ్గా మూసుకోదు. ముల్లు ఆగినట్టే ఆగి, మెల్లిగా పైకి జరుగుతుంది. ఇది ఆవిడ కనిపెట్టిన పరీక్ష కాదు. ఆ షెడ్డులోనే, ఆ బల్ల దగ్గరే, ఆ తండ్రి నేర్పినదే.

సర్వేయరు ఎంచుకున్న పాతదాన్నే సిలిండర్‌కి బిగించింది. గాలి తెరిచింది. మూతి మీద ఒకసారి నొక్కి వదిలింది. ముల్లు కిందికి పడి, లేచి, పది దగ్గరికి వచ్చింది. అందరూ ముందుకి వంగారు.

ముల్లు ఆగలేదు. చీమ నడిచినట్టు నడుస్తోంది. పదిన్నర. పదకొండు.

ఆవిడ తలెత్తి ముగ్గురి వంకా చూసింది. ఎవరో ఒకరు అంటారనుకుంది. పొడుగు గడ్డం గోక్కున్నాడు. బ్యాంకాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఇంతకంటే మంచి సమయం దొరకనట్టు! సర్వేయరు తన కాలి చెప్పుల్ని చూసుకుంటున్నాడు.

మాస్టారు ముందుకి వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా గేజ్ దగ్గరికి మొహం పెట్టారు. చాలాసేపు చూశారు. నిటారుగా అయ్యారు.

"చూశారా? పది మీద నిలబడింది," అన్నారు.

ముల్లు అప్పటికి పన్నెండు దాటింది.

ఆయనకి కనబడలేదని ప్రతి ఒక్కరికీ తెలిసిపోయింది. తెలిసిపోయిందన్న సంగతి కూడా అందరికీ తెలిసింది. అప్పుడు బ్యాంకాయన కళ్ళజోడు పెట్టుకుని, "అవును మాస్టారూ, నిలబడింది," అన్నాడు.

"ఆఁ, రాయిలా," అన్నాడు పొడుగు.

డాక్టరమ్మకి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. తండ్రి మీద కాదు. ఆయనకి కనబడలేదు, కనబడిందనుకున్నారు. వీళ్ళకేం రోగం? రెండేసి కళ్ళు, ఒకడికైతే అద్దాలతో కలిపి నాలుగు! ఇదే ముల్లు తమ పిల్లల నోటికి వెళ్ళే గాలి చూపిస్తుంటే ఇలాగే అంటారా?

"నిలబడలేదు మాస్టారూ," అంది. "నడుస్తోంది. పన్నెండు దాటింది."

"ఏమిటీ?" మాస్టారి గొంతు పెరిగింది. "ఇంతమంది నిలబడిందంటుంటే... నీ గేజే సరిగ్గా లేదేమో!"

ఆవిడ గేజ్ తీసి, కొత్తవాటిలో ఒకదానికి తగిలించింది. ముల్లు పది దగ్గర ఆగింది. గోడకి మేకు కొట్టినట్టు ఉండిపోయింది. గేజ్ తీసి మళ్ళీ పాతదానికి పెట్టింది. మళ్ళీ నడక.

"ఏవండీ," అంది మొగుడితో. "మీరు సర్వేయరు కదా. వెంట్రుకవాసి తేడా కనిపెట్టడమే మీ ఉద్యోగం. ఇది నిలబడిందా, నడుస్తోందా?"

ఆయన గేజ్ వైపు చూశాడు. మామగారి వైపు చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు.

సరిగ్గా అప్పుడు రెగ్యులేటర్ మాట్లాడింది. ఒత్తిడి పెరిగి పెరిగి, మూతిలోంచి సన్నగా గాలి కారడం మొదలైంది. స్... అని, పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడులా.

"ఏమిటా చప్పుడు?" అన్నారు మాస్టారు.

"ఫ్యాను, మాస్టారూ," అన్నాడు బ్యాంకాయన.

"ఫ్యాను ఆపు."

ఎవరూ కదల్లేదు.

"ఫ్యాను ఆపవయ్యా!"

పొడుగు చెయ్యి చాచి, కూర్చున్నచోటు నుంచే స్విచ్ ఆపాడు. రెక్కలు తిరిగి తిరిగి ఆగాయి. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో చప్పుడు స్పష్టంగా వినబడింది. మాస్టారు చెయ్యి చాచి తడుముతూ మూతిని పట్టుకున్నారు. అరచేతికి గాలి తగిలింది. అలా పట్టుకునే నిలబడ్డారు. అది అడుగున మొదలైతే ఏమవుతుందో ఆయనకి తెలిసినట్టు అక్కడ ఎవరికీ తెలియదు. ఇంకో చేత్తో తడిమి సిలిండర్ గాలి కట్టేశారు.

"నాకు కళ్ళు పోయాయి," అన్నారు. "మీకేం పోయాయి?"

బ్యాంకాయన చెయ్యి మళ్ళీ కళ్ళజోడు మీదికి పోయింది.

"అడుగుతున్నా! మీకేం పోయాయని? నిలబడిందన్నారే. రాయిలా అన్నావే నువ్వు. కాస్త ఉంటే ఇదే నోట్లో పెట్టుకుని నా కూతురూ, అల్లుడూ దిగుండేవాళ్ళు. ఇదా నేను మీకు నేర్పింది?"

"మీరు బాధపడతారని, మాస్టారూ..." సర్వేయరు నసిగాడు.

"నేను బాధపడితే ఏమవుతుందయ్యా? ఒక పూట అన్నం తినను. అంతేగా! ఆ ఒక్క పూట కూటికి భయపడి ప్రాణాలు ఇస్తావా?"

బాగుంది. ఆ తిట్లు వాళ్ళకి తగలాల్సినవే. కానీ డాక్టరమ్మకి చల్లారలేదు. ఇంట్లో అమ్మ గుండీలు పెడుతున్న చేతులు కళ్ళ ముందు కనిపించాయి. "మీరు మాత్రం, నాన్నా?" అంది. షెడ్డులో ఆ పిలుపు మొదటిసారి వినబడింది. "మీకు కనబడటం లేదని మీకు తెలుసుగా. తెలిసీ చుక్కలు పెట్టారు. వాళ్ళు మీ కోసం అబద్ధం ఆడారు. మీరెవరి కోసం ఆడారు?"

సర్వేయరు "ఊరుకో," అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. జవాబు కోసం నిలబడింది.

మాస్టారు స్టూలు కోసం తడిమి కూర్చున్నారు. "చెప్తే ఇక రావద్దంటారని," అన్నారు, చాలా చిన్న గొంతుతో. "ఇంట్లో కూర్చుని ఏం చేయనే?"

ఆ మాటకి ఆవిడ కోపం తగ్గలేదు, అలాగని ఇంకో మాట అనబుద్ధీ కాలేదు. కన్నతండ్రి మీద జాలి, కోపం ఒకేసారి వస్తే ఏది ముందు మింగాలో తెలియదు. "రావద్దని ఎవరన్నారు?" అని మాత్రం అంది. "కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం. వచ్చాక కూడా ఇక్కడికే రండి. చుక్కలు మాత్రం వద్దు."

బ్యాంకాయన చప్పున లేచాడు. అల్మరా తెరిచి, రంగు సీసా, పుల్ల తెచ్చి రెండు చేతులతో ఆవిడ ముందు పెట్టాడు. మొహంలో పెద్ద బరువు దిగినట్టుంది. "అయితే ఇకనుంచి నువ్వే పెట్టక్కా. నువ్వు పెడితే ఇక మాకు చూసుకునే పనే లేదు."

"అదీ మాట!" అన్నాడు పొడుగు.

ఇంతసేపూ పడ్డ కోపం ఒక ఎత్తు, ఈ మాటకి వచ్చిన కోపం ఒక ఎత్తు. వీళ్ళకి కావాల్సింది మంచి రెగ్యులేటర్ కాదు, తలనొప్పి వదిలించుకుని ఎవరో ఒకరికి మొక్కడం. నిన్నటిదాకా ఆయన, ఇవాళ్టి నుంచి తను.

"సిగ్గులేదూ?" అంది. సీసా తీసుకుని చెత్తబుట్టలో పడేసింది. "ఎవడి తల వాడు విప్పుకోండి. ఎవడిది వాడు బిగించుకుని, పక్కవాడికిచ్చి చూపించుకోండి. పక్కవాడు వద్దంటే వద్దు. చూడటం రాకపోతే నేర్పుతాను. చూడను అంటే మాత్రం నీళ్ళలోకి రావద్దు."

ఆ రోజు ఎవరూ దిగలేదు. సాయంత్రం దాకా బల్ల చుట్టూ కూర్చుని పాతవన్నీ విప్పారు. సర్వేయరు తను ఎంచుకున్నదాన్ని విప్పి, లోపల గాలిని మూసే చిన్న తెల్ల బిళ్ళ తీసి మామగారి అరచేతిలో పెట్టాడు. ఆయన దాని అంచు మీద గోరు నడిపి, పడిన గాడి దగ్గర ఆగి, తల ఊపి తిరిగిచ్చేశారు. ఇంటికి వెళ్ళే దారిలో సర్వేయరు "నేను చెప్పేవాణ్ణే," అన్నాడు.

"ఎప్పుడు? అడుగున పంపు గది దగ్గరా?"

"అది కాదు..."

"అక్కడైతే నోట్లో మూతి ఉంటుంది, మాట్లాడక్కర్లేదు. మీకు సుఖం." నవ్వకుండానే అంది. "రెగ్యులేటర్లు కొత్తవే తీసుకుందాం. అది తేలిపోయింది. మీతో దిగాలా వద్దా అన్నదే నాకింకా తేలలేదు."

ఆ వారమంతా ఇంట్లో ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అన్నంత వరకే మాటలు.

మళ్ళీ సెలవురోజు వచ్చింది. మాస్టారు నల్లకళ్ళజోడు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. కంటికి ఆపరేషన్ చేయాలన్నారట. చేయించుకుంటాననీ అనలేదు, వద్దనీ అనలేదు. బల్ల మీద నాలుగు కొత్త రెగ్యులేటర్లు. డాక్టరమ్మ తనకని పెట్టుకున్న రెండూ తనే బిగించింది. పద్ధతి ప్రకారం పక్కవాడు చూడాలి కాబట్టి సర్వేయరు గేజ్ అందుకున్నాడు.

మొదటిది నిలబడింది. రెండోదానికి తగిలించాడు. ముల్లు పది దగ్గరికి వచ్చింది. ఆయన వంగి చూశాడు. ఇంకా వంగాడు. మూతి నొక్కి వదిలి మళ్ళీ చూశాడు.

"ఏంటీ అంతసేపు?" అంది ఆవిడ. "కొత్తది. నేను తెప్పించింది. పోయిన వారం మీ అందరి ముందే చూశాంగా."

"పోయిన వారం చూసింది ఇది కాదు," అన్నాడు. "ఒకదాన్నే చూశాం. మిగతా మూడూ చూడలేదు."

"అన్నీ ఒకటే రకం!"

"అక్క తెచ్చిందిలేండి బావా, సర్దుకుంటుంది," అన్నాడు పొడుగు, అలవాటు ప్రకారం.

సర్వేయరు గేజ్ మీంచి కళ్ళు తీయలేదు. ఇవాళ మాట బయటికి వచ్చింది. "ఇది నిలబడలేదు. నడుస్తోంది. ఇది వద్దు."

డాక్టరమ్మకి మొహం భగ్గుమంది. మేలురకమని నాలుగు చోట్ల విచారించి, గంటల తరబడి ఆలోచించి తను ఎంచినది. నలుగురి ముందూ వద్దనడానికి ఈయనెవరు? నోటి దాకా వచ్చింది ఆ మాట. నాలుక చివర నిలబడింది కూడా. ఆ ఒక్క క్షణంలో, బల్లకవతల నల్లకళ్ళజోడు వెనకాల తన తండ్రికి పోయిన వారం ఎలా అనిపించి ఉంటుందో ఆవిడకి ఒంటి మీద వాతలా తెలిసింది.

వంగి గేజ్ చూసింది. ముల్లు పదకొండు వైపు నెమ్మదిగా జరుగుతోంది.

"ఏమైంది?" అని అడిగారు మాస్టారు.

"నడుస్తోంది మాస్టారూ," అన్నాడు సర్వేయరు, ఈసారి గట్టిగానే.

ఆవిడ సిలిండర్ గాలి కట్టేసింది. మొహం ఇంకా ఎర్రగానే ఉంది. రెగ్యులేటర్ ఊడదీసి బల్ల చివరికి తోసేసింది. స్పానర్ తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"మిగతా రెండూ కూడా చూడండి. దీని బదులు ఇంకోటి తెప్పిస్తాను, అదీ చూడండి," అంది. "అన్నీ బాగుంటే అప్పుడు దిగుదాం. ఇద్దరం."